యంత్రం దేన్ని లెక్కపెట్టింది? - మన ఆరోగ్య బీమా చరిత్ర

2023 ఆగస్టులో కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ నివేదిక పార్లమెంటు ముందుకు వచ్చినప్పుడు అందరి కళ్లూ ఒకే సంఖ్య మీద పడ్డాయి. ఆయుష్మాన్ భారత్ లబ్ధిదారుల్లో 7,49,820 మంది పేర్లకు ఒకే మొబైల్ నంబరు ముడిపడి ఉంది. ఆ నంబరులో పది తొమ్మిదులు తప్ప మరో అంకె లేదు. పథకం కింద చికిత్స పొందుతూ మరణించినట్టు నమోదైన 3,446 మంది పేరిట ఆ తర్వాత కూడా చికిత్సలు జరిగినట్టు చూపి 6.97 కోట్ల రూపాయలు చెల్లించారని కూడా ఆ నివేదిక పేర్కొంది. కేంద్రం వివరణ ఇచ్చింది. లబ్ధిదారు అర్హతను మొబైల్ నంబరుతో నిర్ధారించడం లేదని, ఆస్పత్రిలో చేరిన మూడు రోజుల వరకు అనుమతి కోరే వీలుండడం వల్ల తేదీల్లో తేడాలు కనిపించాయని చెప్పింది. ప్రతిపక్షాలు ఆ వివరణను ఎగతాళి చేశాయి, అధికార పక్షం సమర్థించుకుంది. వారం తిరిగేసరికి చర్చ మరో అంశానికి మళ్లింది.

ఆ వారం రోజుల రభసలో ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది. దేశంలోనే అతి పెద్దదైన ఈ ఆరోగ్య బీమా కంప్యూటర్ వ్యవస్థను అసలు దేన్ని గమనించమని తయారు చేశారు? రోగి ఎవరు, ఏ ప్యాకేజీ కింద చేరారు, ఎంత బిల్లయింది అన్న వివరాలన్నీ అందులో ఉంటాయి. ఇంటికి వెళ్లాక ఆ రోగి కోలుకున్నారా, నెల తిరక్కుండా మళ్లీ ఆస్పత్రి పాలయ్యారా అన్న లెక్క మాత్రం బయటకు రాదు. ఇది ఒక పథకానికో, ఒక పార్టీకో చెందిన లోపం అనుకుంటే పొరపాటు. సాంకేతికత, ప్రోత్సాహకాలు రోగికి మేలు చేస్తాయన్న మాటను మనం ఎనిమిది దశాబ్దాలుగా వింటున్నాం. ఆ మాట ఎక్కడ నిజమైంది, ఎక్కడ బెడిసికొట్టింది అన్నది చరిత్ర క్రమంలో చూస్తేనే తెలుస్తుంది.

కాన్పూర్‌లో తొలి అడుగు

స్వాతంత్ర్యానికి ముందే, 1943లో, బ్రిటిష్ ఇండియా ప్రభుత్వం రెండు బాధ్యతలను ఇద్దరికి అప్పగించింది. పారిశ్రామిక కార్మికుల ఆరోగ్య బీమాకు ప్రణాళిక తయారు చేసే పనిని ఆర్థికశాస్త్రవేత్త బి.పి.అదార్కర్‌కు, దేశ ప్రజారోగ్యం మొత్తాన్ని సమీక్షించే పనిని సర్ జోసెఫ్ భోర్ కమిటీకి ఇచ్చింది. అదార్కర్ నివేదిక 1944లో, భోర్ కమిటీ నివేదిక 1946లో వచ్చాయి. రెండూ రెండు దారులు చూపాయి. డబ్బు లేదన్న కారణంతో ఎవరూ వైద్యానికి దూరం కాకూడదని, ప్రభుత్వమే పన్నుల డబ్బుతో ప్రాథమిక స్థాయి నుంచి వైద్య వ్యవస్థను నిర్మించాలని భోర్ కమిటీ కోరింది. వేతనం నుంచి కొంత, యజమాని నుంచి కొంత చందాగా తీసుకుని కార్మికుడికి వైద్యంతో పాటు జబ్బు కాలపు భృతిని కూడా అందించాలని అదార్కర్ సూచించారు.

రెండో దారే ముందుగా చట్టమైంది. 1948లో ఉద్యోగుల రాజ్య బీమా చట్టం వచ్చింది. 1952 ఫిబ్రవరి 24న కాన్పూర్‌లో ప్రధాని నెహ్రూ ఈఎస్‌ఐ పథకాన్ని ప్రారంభించారు. అప్పటి సాంకేతికత గుర్తింపు కార్డు, చందా రిజిస్టరు, డిస్పెన్సరీలోని రోగి చీటీ. అంతకు మించి ఏమీ లేదు. కానీ ఆ ఏర్పాటులో ఒక తెలివైన ప్రోత్సాహకం దాగి ఉంది. కార్మికుడు జబ్బుపడితే వైద్యం ఖర్చుతో పాటు వేతనంలో కొంత భాగాన్ని కూడా కార్పొరేషనే భరించాలి. నేటి నిబంధనల ప్రకారం అది వేతనంలో 70 శాతం, ఏడాదికి గరిష్ఠంగా 91 రోజులు. అంటే కార్మికుడు ఎంత త్వరగా కోలుకుని మిల్లుకు తిరిగి వెళ్తే కార్పొరేషన్‌కు అంత ఆదా. రోగి ఆరోగ్యం, బీమా సంస్థ ఖజానా ఒకే దిక్కుకు చూసే ఏర్పాటు ఇది.

కొన్ని రాష్ట్రాల్లో ప్రైవేటు వైద్యులను ప్యానెల్‌లో చేర్చుకుని, వారి దగ్గర పేరు నమోదు చేసుకున్న ఒక్కో కార్మికుడికి ఏడాదికి ఇంత అని చెల్లించారు. ఈ తలసరి పద్ధతికి రెండు ముఖాలున్నాయి. అనవసరంగా సూది వేయాల్సిన, పరీక్షలు రాయాల్సిన అవసరం వైద్యుడికి ఉండదు. అలాగే రోగి రాకపోయినా వైద్యుడి ఆదాయం తగ్గదు కనుక, వచ్చినవాడిని శ్రద్ధగా చూడాలన్న ఒత్తిడి కూడా ఉండదు. డిస్పెన్సరీ ముందు క్యూ, లోపల రెండు నిమిషాల పరీక్ష, చేతిలో అందరికీ ఒకే రంగు మందు అన్న అపఖ్యాతి ఈఎస్‌ఐకి ఊరికే రాలేదు. కార్పొరేషన్ నిధులు పేరుకుపోతుంటే ఆస్పత్రుల్లో మందులు, వైద్యుల కొరత ఉండటమేమిటన్న విమర్శ దశాబ్దాలుగా వినిపిస్తూనే ఉంది. చందా కట్టడం తప్పనిసరి, చెయ్యి చాచేందుకు మరో తలుపు లేదు. వెళ్లిపోయే స్వేచ్ఛ లేని సభ్యుడి ఫిర్యాదుకు విలువ తక్కువ.

బిల్లు వచ్చాక కళ్లు తెరిచిన మెడిక్లెయిమ్

1973 జనవరి 1 నుంచి సాధారణ బీమా రంగం జాతీయమైంది. జనరల్ ఇన్సూరెన్స్ కార్పొరేషన్ కింద నాలుగు ప్రభుత్వ సంస్థలు మిగిలాయి. ఆ సంస్థలు 1986లో మెడిక్లెయిమ్‌ను మార్కెట్లోకి తెచ్చాయి. దాని నమూనా మోటారు బీమాది, అగ్నిప్రమాద బీమాది. నష్టం జరుగుతుంది, బిల్లు తెస్తారు, సంస్థ పరిశీలించి చెల్లిస్తుంది. రోగి ఆస్పత్రిలో ఉన్నంత కాలం బీమా సంస్థకు ఆ సంగతే తెలియదు. తెలిసేసరికి చికిత్స ముగిసి, జేబులోని డబ్బు కూడా ఖర్చయిపోయి ఉంటుంది.

ఇందులోని ఒక చిన్న షరతు మన వైద్య అలవాట్లనే మార్చింది. ఆస్పత్రిలో కనీసం 24 గంటలు ఉంటేనే క్లెయిమ్ చెల్లుతుంది. మోసాన్ని అరికట్టడానికి పెట్టిన ఈ నిబంధన ఆచరణలో ఆస్పత్రిలో చేరడానికే ప్రోత్సాహకంగా మారింది. బయటి రోగిగా చూసి పంపగలిగిన జ్వరానికి కూడా పడక కేటాయించడం మొదలైంది. కొన్ని పగటి చికిత్సలకు తర్వాత మినహాయింపులు ఇచ్చినా, మందులూ పరీక్షలూ వైద్యుడి ఫీజూ కలిసిన నిత్య వైద్యం మాత్రం దాదాపుగా బీమా పరిధికి వెలుపలే ఉండిపోయింది. మధుమేహం, రక్తపోటు మాత్రల ఖర్చు ఇంటిది. ఆ మాత్రలు మానేసినందువల్ల వచ్చే పక్షవాతం ఖర్చు బీమాది. జబ్బు ముదిరేదాకా ఆగిన వారికి డబ్బు, ముందే జాగ్రత్తపడిన వారికి ఖర్చు అన్న ఈ తలకిందుల లెక్క నేటికీ సరికాలేదు.

1999లో బీమా నియంత్రణ సంస్థ చట్టం వచ్చి, 2000లో ప్రైవేటు కంపెనీలకు తలుపులు తెరుచుకున్నాయి. 2001లో థర్డ్ పార్టీ అడ్మినిస్ట్రేటర్ల నిబంధనలు వచ్చాయి. నగదు రహిత చికిత్స అన్న మాట మధ్యతరగతి చెవిన పడింది అప్పుడే. ఆస్పత్రి నుంచి ఫ్యాక్స్ వెళ్తుంది, అటునుంచి అనుమతి వస్తుంది. తొలిసారి బీమా సంస్థ, రోగి ఇంకా పడక మీద ఉండగానే అతని గురించి తెలుసుకోగలిగింది. అయితే ఆ తెలివిడి ఎక్కువగా ఒకే నిర్ణయానికి ఉపయోగపడింది: చెల్లించాలా, వద్దా?

అయిదు రూపాయల పాఠం

పేదల వైపు కథ వేరే దారిలో సాగింది. 2003లో కర్ణాటకలో సహకార సంఘాల రైతుల కోసం యశస్విని పథకం ఆచరణలోకి వచ్చింది. దాని వెనుక ఉన్న ఆలోచన గుండె శస్త్రచికిత్స నిపుణుడు దేవి శెట్టిది. ప్రైవేటు ఆస్పత్రుల్లో ఆపరేషన్ థియేటర్లు సగం సమయం ఖాళీగా ఉంటాయి. నెలకు అయిదు రూపాయల చొప్పున లక్షల మంది రైతులు చందా కడితే ఆ ఖాళీ సమయాన్ని తక్కువ ధరకు కొనవచ్చు. ప్రతి ఆపరేషన్‌కు ముందే ధర నిర్ణయించారు, ముందస్తు అనుమతి తప్పనిసరి చేశారు. పాల సొసైటీ, పరపతి సంఘం ద్వారా చందా వసూలు కావడంతో ఏజెంటు ఖర్చు మిగిలింది.

అదే ఏడాది వాజ్‌పేయి ప్రభుత్వం రోజుకు రూపాయి చొప్పున కట్టే సార్వత్రిక ఆరోగ్య బీమా పథకాన్ని తెచ్చింది. అది జనంలోకి పెద్దగా వెళ్లలేదు. పేదవాడు ముందుగా డబ్బు కట్టి, ఆస్పత్రిలోనూ ముందుగా చెల్లించి, తర్వాత కాగితాలతో తిరిగి రాబట్టుకోవాలన్న ఊహలోనే లోపముంది. పేదల పాలసీలు అమ్మడం బీమా కంపెనీలకు లాభసాటి కూడా కాదు. అమ్మేవాడికీ కొనేవాడికీ ఆసక్తి లేని సరుకు ఎంత చవకైనా కదలదు. ఆ తర్వాత వచ్చిన పథకాలన్నీ ఈ రెండు అనుభవాల నుంచీ నేర్చుకున్నాయి.

ఆరోగ్యశ్రీ: కంప్యూటర్ ముందు కూర్చున్న వైద్యుడు

2007 ఏప్రిల్‌లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ఆరోగ్యశ్రీ మొదలైంది. అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్.రాజశేఖరరెడ్డి స్వయంగా వైద్యుడు. గుండె ఆపరేషన్లకూ క్యాన్సర్ చికిత్సకూ సాయం కోరుతూ ముఖ్యమంత్రి సహాయ నిధికి వచ్చే అర్జీలే పథకానికి ప్రేరణ అన్నది అందరికీ తెలిసిన సంగతి. తెల్ల రేషన్ కార్డు ఉన్న కుటుంబానికి ఏడాదికి రెండు లక్షల రూపాయల వరకు చికిత్స. మొదట స్టార్ హెల్త్ సంస్థ బీమాదారుగా ఉంది. 2008 జూలైలో మరిన్ని చికిత్సలను చేర్చినప్పుడు వాటిని ఆరోగ్యశ్రీ ట్రస్టే నేరుగా నిర్వహించింది. తర్వాత క్రమంగా బీమా సంస్థ తప్పుకుని ట్రస్టే మిగిలింది.

దేశం ఆరోగ్యశ్రీ నుంచి నేర్చుకున్న విషయాల్లో ముఖ్యమైంది దాని పనితీరు. రోగి ఆస్పత్రిలో చేరగానే పరీక్షల ఫలితాలు, స్కాన్ చిత్రాలు, రోగి ఫొటో ఆన్‌లైన్‌లో హైదరాబాద్‌కు చేరేవి. అక్కడి వైద్యుల బృందం చూసి అనుమతి ఇచ్చేది. ఆపరేషన్ తర్వాతి ఆధారాలు చూశాకే చెల్లింపు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనూ, నెట్‌వర్క్ ఆస్పత్రిలోనూ ఆరోగ్యమిత్రలు ఉండేవారు. చదువురాని రోగికీ కార్పొరేట్ ఆస్పత్రి కౌంటరుకూ మధ్య ఆ మిత్రే వంతెన. పథకంలో చేరిన ఆస్పత్రులు గ్రామాల్లో వైద్య శిబిరాలు నిర్వహించాలన్న షరతు పెట్టారు. కొన్ని జబ్బులకు డిశ్చార్జి తర్వాత కూడా మందులు, పరీక్షలు అందేలా ప్రత్యేక ప్యాకేజీలు రూపొందించారు. పుట్టుకతో గుండెకు రంధ్రమున్న పసివాళ్లు, వినికిడి లేని పిల్లలు వేల సంఖ్యలో ఆపరేషన్లకు నోచుకున్నారు. అంతకుముందు ఆ తల్లిదండ్రులకు మిగిలిన దారి పొలం అమ్ముకోవడమో, బిడ్డ మీద ఆశ వదులుకోవడమో.

రోగికి నిజంగా మేలు జరిగిన చోట్లను జాగ్రత్తగా చూడండి. అక్కడ యంత్రం వెనుక ఒక మనిషి ఉన్నారు. స్కాన్‌ను చూసే వైద్యుడు, చేయి పట్టుకుని నడిపించే ఆరోగ్యమిత్ర, డిశ్చార్జి తర్వాతి మందుకు ప్రత్యేకంగా కేటాయించిన డబ్బు. ఈ మూడూ ఉన్నంత వరకు సాంకేతికత రోగి పక్షాన పనిచేసింది.

ఇక రెండో వైపు. ప్యాకేజీ ఉన్న జబ్బుకే ఆస్పత్రుల ఆసక్తి. ప్యాకేజీలో లేనిది పాముకాటైనా, క్షయ అయినా, రక్తహీనత అయినా ఆ వెలుగు దానిపై పడలేదు. పెద్దాపరేషన్లకు బడ్జెట్ పెరుగుతుండగా ప్రాథమిక ఆరోగ్య కేంద్రం చిన్నబోయిందని ప్రజారోగ్య నిపుణులు అప్పుడే హెచ్చరించారు. గర్భసంచి తొలగింపు వంటి ఆపరేషన్ల విషయంలో ఆరోపణలు రావడంతో, దుర్వినియోగానికి ఆస్కారమున్న కొన్ని చికిత్సలను ప్రభుత్వం ప్రభుత్వాస్పత్రులకే పరిమితం చేయాల్సి వచ్చింది.

గర్భసంచి అడిగిన ప్రశ్న

ఈ చరిత్రలో అన్నిటికన్నా చేదైన అధ్యాయం ఇదే. దానికి నేపథ్యం రాష్ట్రీయ స్వాస్థ్య బీమా యోజన. 2008 ఏప్రిల్ నుంచి అమలైన ఈ పథకాన్ని కేంద్ర కార్మిక శాఖ నడిపింది. దారిద్ర్యరేఖకు దిగువనున్న కుటుంబంలో అయిదుగురికి ఏడాదికి 30,000 రూపాయల వరకు ఆస్పత్రి వైద్యం. కుటుంబం కట్టాల్సింది 30 రూపాయల నమోదు రుసుము. ప్రీమియంలో సాధారణంగా 75 శాతం కేంద్రం, 25 శాతం రాష్ట్రం భరించేవి. వేలిముద్రలతో కూడిన స్మార్ట్ కార్డును ఊళ్లోనే అక్కడికక్కడే ముద్రించి ఇచ్చేవారు. బిహార్ నుంచి వలస వెళ్లిన కూలీ గుజరాత్‌లోని ఆస్పత్రిలోనూ ఆ కార్డును వాడుకోవచ్చు.

ప్రోత్సాహకాల రూపకల్పనలో ఇంత చక్కటి పథకం అప్పటికి మన దేశంలో లేదనే చెప్పాలి. నమోదైన ఒక్కో కుటుంబానికి ప్రీమియం కనుక బీమా కంపెనీ ఊరూరా తిరిగి పేర్లు నమోదు చేసింది. రోగి వస్తేనే డబ్బు కనుక ఆస్పత్రి తలుపులు తెరిచింది. ఆ ఆదాయాన్ని తామే వాడుకునే వీలుండడంతో ప్రభుత్వాస్పత్రులకు కూడా ఆసక్తి కలిగింది. పేదవాడు తొలిసారి ఆస్పత్రికి యాచకుడిలా కాకుండా ఖాతాదారులా వెళ్లాడు.

2012లో బిహార్‌లోని సమస్తీపూర్ నుంచి, ఛత్తీస్‌గఢ్ నుంచి వార్తలు వచ్చాయి. స్మార్ట్ కార్డులోని డబ్బు కోసం అవసరం లేకపోయినా మహిళలకు గర్భసంచులు తొలగించారన్న ఆరోపణలవి. కడుపునొప్పితోనో తెల్లబట్టతోనో వెళ్లిన నిరుపేద మహిళకు క్యాన్సర్ భయం చూపి ఆపరేషన్ టేబుల్ ఎక్కించారు. మాత్రలతో తగ్గే జబ్బుకు ప్యాకేజీ లేదు, కోతకు ఉంది. ఛత్తీస్‌గఢ్‌లో కొందరు వైద్యుల రిజిస్ట్రేషన్లను కొంతకాలం నిలిపివేశారు. విచారణలు, జాతీయ మానవ హక్కుల కమిషన్ నోటీసులు నడిచాయి. డాక్టర్ నరేంద్ర గుప్తా 2013లో సుప్రీంకోర్టులో వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యంపై 2023 ఏప్రిల్‌లో తీర్పు వచ్చింది. కేంద్రం రూపొందించిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయాలని రాష్ట్రాలను కోర్టు ఆదేశించింది. పిటిషన్‌కూ తీర్పుకూ మధ్య పదేళ్లు గడిచాయి.

స్మార్ట్ కార్డు ఇక్కడ విఫలం కాలేదన్నది గమనించాల్సిన విషయం. వేలిముద్ర సరిపోయింది. ఆమె ఆస్పత్రికి వచ్చిందన్నది నిజం, ఆపరేషన్ జరిగిందన్నదీ నిజం. ఆ కోత అవసరమా అన్న ప్రశ్నకు కార్డులో గడి లేదు. దొంగ రోగిని పట్టుకునేందుకు తయారైన యంత్రం అసలు రోగికి జరిగిన అన్యాయాన్ని పట్టుకోలేకపోయింది.

తెలుగువాళ్లు ఈ కథను ఎక్కడో బిహార్‌లో జరిగినదిగా చదివి పక్కన పెట్టలేరు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తొలగించుకున్నవారు దేశవ్యాప్తంగా 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం. వీటన్నిటికీ బీమాయే కారణమనడం అన్యాయం. పథకాలు రాకముందు నుంచే, సొంత డబ్బుతోనే, ప్రైవేటు నర్సింగ్ హోమ్‌లలో ఈ ఆపరేషన్లు విరివిగా జరిగాయి. అయితే అప్పటికే వంగి ఉన్న కొమ్మకు ప్యాకేజీ డబ్బు మరింత బరువు కట్టింది.

అయిదు లక్షల కార్డు

2018 సెప్టెంబరు 23న రాంచీలో ప్రధాని మోదీ ప్రారంభించిన ప్రధానమంత్రి జన ఆరోగ్య యోజన, పాత జాతీయ పథకాన్ని తనలో కలుపుకుంది. 10.74 కోట్ల కుటుంబాలు, కుటుంబానికి ఏడాదికి అయిదు లక్షల రూపాయలు. 2024 అక్టోబరులో 70 ఏళ్లు దాటిన వారందరికీ ఆదాయంతో నిమిత్తం లేకుండా దీన్ని విస్తరించారు. ఆరోగ్యశ్రీలో పదేళ్ల క్రితం చూసిన ముందస్తు అనుమతి, ఫొటో ఆధారాలు, ఆస్పత్రిలో సహాయకుడు అన్నీ ఇందులో జాతీయ రూపం దాల్చాయి. ఆరోగ్యమిత్రకు ఇక్కడ ప్రధానమంత్రి ఆరోగ్య మిత్ర అని పేరు.

కొత్తగా వచ్చింది నాణ్యతకు ముడిపెట్టిన ప్రోత్సాహకం. జాతీయ అక్రెడిటేషన్ సంస్థ నుంచి ప్రవేశ స్థాయి గుర్తింపు పొందిన ఆస్పత్రికి ప్యాకేజీ ధరపై 10 శాతం, పూర్తి స్థాయి గుర్తింపు ఉంటే 15 శాతం అదనం. వెనుకబడిన ఆకాంక్షిత జిల్లాల్లోని ఆస్పత్రులకు మరో 10 శాతం. అనుమానాస్పద క్లెయిములను గుర్తించేందుకు కృత్రిమ మేధ సాధనాలను వాడుతున్నామని, తప్పుచేసిన ఆస్పత్రులను తొలగించామని జాతీయ ఆరోగ్య ప్రాధికార సంస్థ చెబుతోంది. ఇది సరైన దిశే. కానీ అక్రెడిటేషన్ ఆస్పత్రి గోడలనూ పద్ధతులనూ కొలుస్తుంది, రోగి కోలుకున్న తీరును కొలవదు. పైగా ఆ గుర్తింపు పొందగలిగేది పెద్ద ఆస్పత్రులే. వెనుకబడిన జిల్లాలో అసలు ఆస్పత్రే లేనిచోట 10 శాతం అదనం ఎవరికి?

రాజకీయాలు కూడా రోగి దారికి అడ్డం వచ్చాయి. తెలంగాణ 2021 వరకు, ఒడిశా, ఢిల్లీ 2025 వరకు కేంద్ర పథకానికి దూరంగా ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వం మారినప్పుడల్లా పథకం పేరు మారింది: ఆరోగ్యశ్రీ, ఎన్టీఆర్ వైద్యసేవ, మళ్లీ ఆరోగ్యశ్రీ, మళ్లీ ఎన్టీఆర్ వైద్యసేవ. 2023 డిసెంబరులో కొద్ది రోజుల తేడాతో తెలంగాణ పరిమితిని 10 లక్షలకు, ఆంధ్రప్రదేశ్ 25 లక్షలకు పెంచాయి. కార్డు మీది అంకె పెరగడం ఎన్నికల సభలో చప్పట్లు తెస్తుంది. బకాయిలు చెల్లించకపోతే సేవలు నిలిపివేస్తామని నెట్‌వర్క్ ఆస్పత్రులు రెండు రాష్ట్రాల్లోనూ పదేపదే హెచ్చరించిన సంగతి ఆ సభల్లో వినబడదు. సకాలంలో చెల్లింపును మించిన ప్రోత్సాహకం ఏదీ లేదు. డబ్బు ఎప్పుడొస్తుందో తెలియని ఆస్పత్రి రెండు పనులు చేస్తుంది: కార్డు రోగికి పడకలు లేవంటుంది, లేదా చేర్చుకుని పక్కనుంచి వసూలు చేస్తుంది.

అడుగులు లెక్కపెట్టే పాలసీ

ప్రైవేటు బీమా రంగం ఈ మధ్య మరో దారి పట్టింది. 2016 నిబంధనలతో, 2020 మార్గదర్శకాలతో నియంత్రణ సంస్థ ఆరోగ్య సంరక్షణ ప్రోత్సాహకాలకు వీలు కల్పించింది. రోజూ నడిస్తే పాయింట్లు, పాయింట్లకు ప్రీమియంలో తగ్గింపు. ఫోన్‌లోనో చేతి గడియారంలోనో అడుగుల లెక్క. జబ్బు వచ్చాక బిల్లు చూసే సంస్థ జబ్బు రాకముందే పాలసీదారు గురించి ఆలోచించడం ఆహ్వానించదగ్గ మార్పే. 2024 మేలో మరో మంచి అడుగు పడింది. నగదు రహిత చికిత్స అభ్యర్థనపై గంటలోగా, డిశ్చార్జి సమయంలో తుది అనుమతిపై మూడు గంటల్లోగా బీమా సంస్థ నిర్ణయం చెప్పాలని నియంత్రణ సంస్థ ఆదేశించింది. ఆలస్యం వల్ల పడే అదనపు ఆస్పత్రి ఖర్చును సంస్థే భరించాలి. గడియారాన్ని రోగి వైపు తిప్పిన నిబంధన ఇది.

కానీ అడుగుల పాయింట్లు ఎవరికి దక్కుతాయి? పార్కు పక్కన ఫ్లాట్, ఖరీదైన గడియారం, తీరిక ఉన్నవారికి. పొద్దంతా వరినాట్లలో వంగిన మహిళ, సిమెంటు బస్తాలు మోసిన కూలీ వేసే అడుగులను ఏ యాప్ లెక్కించదు. అప్పటికే ఆరోగ్యంగా ఉన్నవారికి ప్రీమియం తగ్గించుకుంటూ పోతే, చివరికి ఆ భారం మోసేది జబ్బుమనుషులే. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం వచ్చినా, నేడు తగ్గింపు కోసం ఇష్టంగా ఇచ్చిన సమాచారం రేపు తిరస్కరణకు సాకు కాదన్న నమ్మకం పాలసీదారుకు ఇంకా కలగలేదు.

పొరుగువారి అనుభవం

ఇదే ఆసియాలో థాయిలాండ్ 2002లో వేరే పద్ధతి ఎంచుకుంది. బయటి రోగుల వైద్యానికి జిల్లా స్థాయి వ్యవస్థకు తలసరి చెల్లింపు, ఆస్పత్రిలో చేరినవారికి జబ్బు వర్గాన్ని బట్టి మొత్తం బడ్జెట్ పరిమితిలో చెల్లింపు. ఊరి ఆరోగ్య కేంద్రాన్ని దాటకుండా పెద్దాస్పత్రికి వెళ్లే అవసరం తగ్గింది. 2016లో కైలాలీ జిల్లాతో మొదలైన నేపాల్ ఆరోగ్య బీమాలో కుటుంబం తన తొలి సేవా కేంద్రాన్ని ఎంచుకుంటుంది. అక్కడి సిఫారసుతోనే పై ఆస్పత్రికి వెళ్లాలి. బయటి రోగి సేవలు కూడా బీమాలో భాగమే. బకాయిల బాధ నేపాల్‌కూ ఉంది. అయినా ప్రాథమిక వైద్యాన్ని బీమాలోకి తేవడం పేద దేశానికి అసాధ్యం కాదని ఆ అనుభవం చెబుతోంది.

మన దేశంలో మొత్తం ఆరోగ్య వ్యయంలో ప్రజలు జేబులోంచి పెట్టే వాటా 2013-14లో 64.2 శాతం ఉండగా 2021-22 నాటికి 39.4 శాతానికి తగ్గిందని జాతీయ ఆరోగ్య ఖాతాలు చెబుతున్నాయి. మిగిలిన ఆ భారంలో పెద్ద భాగం మందుల దుకాణంలో, పరీక్షా కేంద్రంలో ఖర్చయ్యేది. అయిదు లక్షలైనా పాతిక లక్షలైనా, ఆస్పత్రిలో చేరితేనే పనిచేసే కార్డు ఆ దుకాణం ముందు పనికిరాదు.

ఏం అడగాలి?

ఎనిమిది దశాబ్దాల ఈ కథలో ఒక సూత్రం మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. డబ్బు దేనికి చెల్లిస్తామో వ్యవస్థ దాన్నే ఉత్పత్తి చేస్తుంది. యంత్రం ఆ ఉత్పత్తిని వేగవంతం చేస్తుంది, అంతే. పడకకు చెల్లిస్తే పడకలు నిండాయి. కోతకు చెల్లిస్తే కోతలు పెరిగాయి. కోలుకోవడానికి చెల్లించడం మాత్రం ఈఎస్‌ఐ భృతిలో, ఆరోగ్యశ్రీ డిశ్చార్జి తర్వాతి ప్యాకేజీలలో అక్కడక్కడా మెరిసి ఆగిపోయింది.

కాబట్టి ఓటరుగా, చందాదారుగా మనం అడగాల్సినవి మూడున్నాయి. రక్తపోటు, మధుమేహం వంటి దీర్ఘకాలిక జబ్బుల మందులను, పరీక్షలను ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ద్వారా బీమాలో భాగం చేయాలి. డిశ్చార్జి అయిన 30 రోజులకు ప్రతి రోగినీ పలకరించి, మరణాలు, తిరిగి చేరికలు, ఇన్‌ఫెక్షన్ల లెక్కను ఆస్పత్రుల వారీగా ప్రజల ముందుంచాలి. అదనపు ప్రోత్సాహకం ఆ ఫలితాలకు ముడిపడాలి. గడువులోగా ఆస్పత్రికి డబ్బు చెల్లించకపోతే ప్రభుత్వమే వడ్డీ కట్టాలి. ఇవేవీ సాంకేతికంగా కష్టమైనవి కావు. కోట్లాది మంది వేలిముద్రలను పోల్చగలిగే దేశానికి నెల తర్వాత ఒక ఫోన్ చేయడం పెద్ద పని కాదు.

అయితే ఆ ఫోన్ చేయాలంటే నంబరు నిజమైనదై ఉండాలి. పది తొమ్మిదుల నంబరుకు ఫోన్ చేసి, అమ్మా ఎలా ఉన్నావని ఎవరూ అడగలేరు. 2023 నివేదికలో నాకు అన్నిటికన్నా కలవరపెట్టిన సంగతి అదే. అక్రమం జరిగిందో లేదో విచారణలు తేలుస్తాయి. ఏడున్నర లక్షల మందిని మళ్లీ పలకరించాల్సిన అవసరం వస్తుందని నమోదు చేసే రోజున ఎవరికీ తోచలేదన్నది మాత్రం తేలిపోయింది.